నలుపుకు రెండు మాటలు

2008 ఆగస్టులో నాకు అప్పగించిన రాతప్రతి ఆధునిక బ్రిటన్ చరిత్రకు సంబంధించినది. అందులో ఆశ్చర్యం లేదు. నార్త్ కరోలినాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థలో నేను అప్పటికి సీనియర్ మాన్యుస్క్రిప్ట్ ఎడిటర్‌ని. ‘కలర్’ అనే మాటలో ‘యు’ అక్షరం ఉన్న రాతప్రతి, అంటే బ్రిటిష్ స్పెల్లింగ్‌లో రాసింది, ఏది వచ్చినా నేరుగా నా బల్ల మీదికే వచ్చేది. ఆంధ్రలో ఎం.ఏ. చరిత్ర చదివినదాన్ని, బళ్లో ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని, ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా అమెరికా ఇంగ్లీషు మధ్య బతికినదాన్ని. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం చాలామందికి ఇబ్బంది. నాకు అదే జీతం తెచ్చిపెట్టింది.

మేముండే క్యారీలో మనవాళ్లకు నా ఉద్యోగం ఏమిటో ఎన్నడూ సరిగ్గా అర్థం కాలేదు. ప్రెస్‌లో పని అంటే గృహప్రవేశం కార్డులు వేయించి పెడతారా అని అడిగినవాళ్లున్నారు. చుట్టూ అందరూ సాఫ్ట్‌వేరో మందుల కంపెనీయో కాబట్టి నన్ను ఏ గాటన కట్టాలో వాళ్లకు తోచేది కాదు. అందుకని ఇక్కడ కాస్త వివరిస్తాను. విశ్వవిద్యాలయ ప్రెస్‌లో ఒక పుస్తకాన్ని ముందు ఇద్దరు బయటి పండితులు చదివి నివేదికలు ఇస్తారు. వాటిని చూసి ప్రొఫెసర్లతో కూడిన బోర్డు సరేనంటుంది. ఆ తర్వాతే అది నా దగ్గరికి వస్తుంది. నేను వాక్యం వాక్యం చదివి, భాష సరిచేసి, సందేహం వచ్చిన ప్రతిచోటా మార్జిన్‌లో రచయితకు ప్రశ్న రాస్తాను. దాన్ని మేము క్వెరీ అంటాం. రచయిత జవాబులు వచ్చాక ప్రతిని శుభ్రం చేసి పేజీలు కట్టడానికి పంపుతాను.

బ్రిటిష్ పుస్తకాల్లో అదనపు పని ఒకటుంది. అక్కడి మాటలు ఇక్కడి పాఠకుడికి తలకిందులుగా అర్థమయ్యే ప్రమాదం. లండన్‌లో తీర్మానాన్ని ‘టేబుల్’ చేశారంటే సభ ముందు పెట్టారని అర్థం. వాషింగ్టన్‌లో అదే మాటకు పక్కన పడేశారని అర్థం. అక్కడ ‘పబ్లిక్ స్కూల్’ అంటే డబ్బున్నవాళ్ల ప్రైవేటు బడి. ఇలాంటివి ఏరి పట్టుకోవడంలో నాకు పేరుంది. గొప్పలు కాదు, నా మేనేజింగ్ ఎడిటరే అనేవారు.

ఆ ఏడాది వచ్చిన పుస్తకం రచయిత్రి పేరు హీనా. ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన గుజరాతీ అమ్మాయి, వర్జీనియాలో ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని ఒక మిల్లు పట్టణం అరవైల నుంచి ఎనభైల దాకా ఎలా మారిందన్నది ఆమె విషయం. వలస వచ్చినవాళ్లు మిల్లుల్లో చేరడం, యూనియన్లలో చోటు అడగడం, చివరికి పట్టణ కౌన్సిల్‌లో కూర్చోవడం దాకా నడుస్తుంది కథ. పుస్తకానికి గుండెకాయ నాలుగో అధ్యాయం. అది హీనా తల్లి శారదాబెన్‌తో చేసిన సంభాషణ. ఉగాండా నుంచి కట్టుబట్టలతో వెళ్లగొడితే ఇంగ్లండ్ చేరి, మేజోళ్ల మిల్లులో కుట్టుపనికి కుదిరిన మనిషి ఆవిడ. మంచి మెషీన్లు, పగటి షిఫ్టులు తెల్లవాళ్లకే ఇస్తున్నారని వెస్టిండీస్ నుంచి వచ్చిన ఆడవాళ్లతో కలిసి సమ్మె చేశారు. తల్లి గుజరాతీలో చెప్పింది, కూతురు ఇంగ్లీషులోకి తెచ్చింది.

హీనాకు ఈ పుస్తకం ఎంత అవసరమో చెప్పాలి. అమెరికా కాలేజీల్లో కొత్తగా చేరిన ప్రొఫెసర్‌కు కొన్నేళ్ల గడువు ఇస్తారు. ఆలోగా పుస్తకం వస్తే ఉద్యోగం శాశ్వతం, దాన్నే టెన్యూర్ అంటారు. లేకపోతే సామాను సర్దుకోవాలి. హీనా గడువు ఆఖరి సంవత్సరంలో ఉంది. పైగా బ్రిటిష్ పౌరురాలు, హెచ్-1బీ మీద పని చేస్తోంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. మరుసటి ఆగస్టుకల్లా అచ్చయిన పుస్తకం చేతిలో ఉండాలని కాలేజీ షరతు.

అక్టోబరులో వాల్టర్ గారి నోట్ వచ్చింది. హీనా పుస్తకం చేరబోయే గ్రంథమాలకు ఆయన సంపాదకుడు. గ్రంథమాల సంపాదకుడంటే ప్రెస్ ఉద్యోగి కాదు, బయటి పెద్దమనిషి. కానీ ఆయన సంతకం లేనిదే ఆ మాలలో పుస్తకం చేరదు. మా పక్క ఊరు డర్హంలో రిటైరైన చరిత్ర ప్రొఫెసర్, ఆఫ్రికన్ అమెరికన్. కుర్రతనంలో తెల్లవాళ్లకు మాత్రమే అని రాసిన హోటల్ బల్ల దగ్గర కూర్చుని అరెస్టయినవాడు. బోర్డు ఈ పుస్తకాన్ని ఒప్పుకున్న రోజుల్లో ఆయన గుండె ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నారు. కాబట్టి ఆయన మొదటిసారి చదివింది నేను దిద్దిన ప్రతినే. కంప్యూటర్ మీద చదవరు. కాగితం మీద, పెన్సిల్‌తో.

నాలుగో అధ్యాయంలో శారదాబెన్ తమను తాము ‘బ్లాక్’ అని చెప్పుకున్న ప్రతిచోటా ఆయన పెన్సిల్ అడ్డంగా నడిచింది. ‘సౌత్ ఏషియన్’ అని మార్చాలి, మార్చకపోతే నేను సంతకం పెట్టను, అని నోట్ సారాంశం. సంతకం లేకపోతే పుస్తకం మళ్లీ బోర్డుకు వెళ్లాలి. బోర్డు మళ్లీ కూర్చునేది వసంతంలో. అప్పుడు హీనా పని అయిపోయినట్టే.

నేను డర్హం వెళ్లి ఆయన్ని కలిశాను. ఫోన్‌లో తేలే విషయం కాదనిపించింది. డెబ్బైలలో బ్రిటన్‌లో ఆ మాటకు విశాలమైన అర్థం ఉండేదని, ఇండియా నుంచీ వెస్టిండీస్ నుంచీ వచ్చినవాళ్లు కలిసి అదే జెండాగా పెట్టుకున్నారని చెప్పాను. ఆయనకు అది తెలుసు. చాలా మర్యాదగా విని, రెండు పేజీలు నా ముందు పెట్టారు. ఎడమ పేజీలో శారదాబెన్ అంటున్నారు: ‘నా రెండో కూతురు బ్లాక్‌గా పుట్టింది, మా అత్తగారు మొహం తిప్పుకుంది.’ కుడి పేజీలో అంటున్నారు: ‘గేటు దగ్గర మేమందరం బ్లాక్.’

“చూడండి,” అన్నారాయన. “ఈవిడ మాట్లాడుతున్నది ఒంటి రంగు గురించి. ఇంట్లో చిన్నచూపు చూసే రంగును వీధిలో బిరుదు చేసుకుంటున్నారు. మా తరానికి ఆ మాట ఒంటి రంగు కాదు. తిట్టుగా ఉన్నదాన్ని పేరుగా మార్చుకోవడానికి మావాళ్లు దెబ్బలు తిన్నారు.” కాస్త ఆగి, ఇక్కడి మీవాళ్లలో ఎవరూ ఆ మాటను తమకు పెట్టుకోగా తాను వినలేదని కూడా అన్నారు.

నాకు చురుక్కుమంది. ఎందుకంటే అది నిజం. క్యారీలో ఇల్లు కొనేటప్పుడు, చుట్టుపక్కల బ్లాక్స్ ఉన్నారా అని మనవాళ్లు ఏజెంట్‌ని గొంతు తగ్గించి అడుగుతారని నాకు తెలుసు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ మంట వాల్టర్ గారి ముందు ఎందుకూ పనికిరాలేదు.

ఆయన చూపిన రెండు పేజీలకు జవాబు సుగుణ ఇంట్లో దొరికింది. సుగుణ మా వీధిలోనే ఉండే గుంటూరు అమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని. ఆ శనివారం వాళ్లింట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందు. నేను తీసుకెళ్లిన పులిహోర మీద ఎవరో ఉప్పు తక్కువని పేరు పెడుతుండగా, సుగుణ తన ఆఫీస్ సంగతి మొదలుపెట్టింది.

“మాకు కొత్త మేనేజర్ వచ్చాడక్కా. బ్లాక్ అతను. ఎంత మర్యాదస్తుడో! ఇంటికి వెళ్లమ్మా, రేపు ఫినిష్ చేద్దువుగాని అంటాడు.” అదే ఊపిరిలో మరిది పెళ్లి విషయానికి దూకింది. “వర్జీనియాలో ఆ షాంటిలీ సంబంధం చూశాంగా, పిల్ల బానే ఉంది. జాబ్ కూడా ఉంది. కొంచెం నలుపు, అంతే. మా అత్తగారికి అదే పట్టింపు.”

“సుగుణా, నలుపంటే బ్లాకా?” అని అడిగాను.

అందరూ నవ్వారు. సుగుణ నన్ను ఎగాదిగా చూసి, “అదేం ప్రశ్నక్కా? బ్లాక్ అంటే బ్లాక్స్. నలుపంటే నలుపు, మనలో మనం అనుకునేది. ఆ పిల్లని బ్లాక్ అని ఎందుకంటాను?” అంది.

“ఈవిడ పార్టీకి వచ్చినా ఎడిటింగ్ మానదు, ఏం చేస్తాం,” అన్నారు మా ఆయన, ప్లేటులోంచి తలెత్తకుండా.

ఆ పిల్ల నలుపు మీద ఎవరికి ఏం హక్కుందని నాకు కోపం వచ్చిన మాట నిజమే. నేనూ చామనఛాయే. ఆ పట్టింపుల మధ్యే పెరిగాను. సుగుణకు ఆ ముక్క అక్కడే చెప్పాను కూడా. ఆమె చిన్నబుచ్చుకుని, అత్తగారికి మీరే చెప్పండక్కా అంది. కానీ కోపంతో పాటే ఇంకోటి తట్టింది. మన ఇళ్లలో మాట్లాడేటప్పుడు ఒంటి రంగుకు తెలుగు మాట వాడతాం, మనుషుల సమూహానికి ఇంగ్లీషు మాట వాడతాం. రెంటినీ కలపం. ఎవరూ నేర్పని ఈ పద్ధతి తెలుగు ఇళ్లలో ఉన్నప్పుడు గుజరాతీ ఇంట్లో ఎందుకుండదు?

సోమవారం ఉదయం హీనాకు ఫోన్ చేసి తల్లి గొంతు రికార్డింగ్ పంపమన్నాను. ఎందుకని అడిగింది. ఆ రెండు వాక్యాలు నా చెవులతో వినాలన్నాను. మా వృత్తిలో ఇది మామూలు కోరిక కాదు. ఎడిటర్ కాగితాన్ని దిద్దుతాడు గాని దాని వెనక మూలాన్ని అడగడు. అయినా ఆమె సీడీ చేసి పంపింది.

గుజరాతీ నాకు రాదు. ఇంగ్లీషు ప్రతి పక్కన పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆవిడ చెప్పే ఊళ్ల పేర్లను ఆనవాళ్లుగా పట్టుకుంటూ విన్నాను. మంచి గొంతు, పని చేసుకుంటూ మాట్లాడే మనిషి గొంతు. వెనకాల గిన్నెల చప్పుడు. రెండో కూతురి మాట వచ్చేసరికి ‘కాళీ’ అని వినబడింది, నల్లది అని. ఆ మాట అర్థం కావడానికి గుజరాతీ వచ్చి ఉండనక్కర్లేదు. కాసేపటికి మిల్లు గేటు దగ్గరికి వచ్చారు. ‘అమే బధా బ్లాక్ హతా.’ మేమందరం బ్లాక్. గుజరాతీ వాక్యం మధ్యలో నిక్షేపంగా ఇంగ్లీషు మాట.

నేను హాయిగా కుర్చీలో వెనక్కి వాలాను. శారదాబెన్ దగ్గర రెండు మాటలున్నాయి. కూతురు అనువాదంలో అవి ఒకటైపోయాయి. వాల్టర్ గారి పెన్సిల్ తగులుకున్నది సరిగ్గా అక్కడే.

ఇది నిర్లక్ష్యం వల్ల జరిగిందనుకుని హీనాకు తేలిగ్గానే చెప్పబోయాను. మొదటిచోట ‘డార్క్’ అని పెడదాం, రెండోచోట ‘బ్లాక్’ ఉంచి వాలు అక్షరాల్లో వేద్దాం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషులోనే పలికిన మాటలను వాలు అక్షరాల్లో చూపామని పుస్తకం మొదట్లో ఒక వాక్యం రాద్దాం అన్నాను.

“ఆ రెండో కూతుర్ని నేనే,” అంది హీనా. “మా నాయనమ్మ నన్ను పెళ్లిళ్లకు తీసుకెళ్లేది కాదు. కాళీ అనే పిలిచేది. అమ్మ మాటలు ఇంగ్లీషులోకి తెస్తున్నప్పుడు ‘డార్క్’ అని టైపు చేసి కొట్టేశాను. పెళ్లి ప్రకటనల్లో వాడే మాట అది. దాని బదులు అమ్మ గేటు దగ్గర ఎత్తుకున్న మాటే నాకూ పెట్టుకున్నాను. తెలిసే పెట్టుకున్నాను.”

నా కూతురి వయసు పిల్ల. అయినా నేను చెప్పాల్సింది చెప్పాను. “నీ సొంత కథ రాసుకుంటే ఆ మాట నీది, ఎలాగైనా వాడుకో. ఇది అమ్మ వాంగ్మూలం. మీ నాయనమ్మ అన్నదాన్ని అమ్మ కప్పిపుచ్చలేదు, నువ్వు కప్పకు. నువ్వు ఆ రెంటినీ కలిపినందుకే అమ్మ గేటు దగ్గర అన్న మాట కూడా ఇప్పుడు కొట్టివేతకు వచ్చింది.”

ఆలోచించుకుంటానంది. ఇంకో పని కూడా అప్పగించాను. ఆ ఇంగ్లీషు మాట అమ్మకు ఎక్కడ దొరికిందో అడగమన్నాను.

రెండు రోజుల తర్వాత ఆమె దగ్గర్నుంచి వచ్చిన జవాబుతో, సీడీతో, చిన్న ప్లేయర్‌తో మళ్లీ డర్హం వెళ్లాను. వాల్టర్ గారు ఆ రెండు ముక్కలూ విన్నారు. ‘కాళీ’ విన్నారు, ‘బ్లాక్’ విన్నారు. రెండోది మళ్లీ పెట్టమన్నారు. మా సుగుణ ఇంట్లో సంభాషణ కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. దాచితే వాదన సగమే చెప్పినట్టవుతుంది. మొదట పెద్దగా నవ్వారు. తర్వాత షాంటిలీ అమ్మాయి సంగతి ఏమైందని అడిగారు. ఇంకా తేలలేదన్నాను.

“సరే, ఇది ఒంటి రంగు కాదు. ఒప్పుకున్నాను,” అన్నారు. “కానీ మాట అరువు తెచ్చుకున్నదే కదా?”

అప్పుడు శారదాబెన్ జవాబు చదివి వినిపించాను. మిల్లులో ఆవిడ పక్క మెషీన్ మీద పెర్ల్ అనే జమైకా ఆవిడ కుట్టేది. గేటు బయట నిలబడి తిట్టేవాళ్లు ఇద్దర్నీ ఒకే మాటతో తిట్టేవాళ్లు, ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగి తిట్టలేదు. పెర్ల్ ఒక అట్టముక్క మీద ఆ మాట రాసి శారదాబెన్ చేతికిచ్చి, ఇది నువ్వూ పట్టుకో అంది. ఇప్పుడు మా వీధిలో ఆ మాట ఎవరూ అనుకోరు, ఎప్పుడో వదిలేశారు, పిల్లలు ఫారాల్లో ఏషియన్ అని టిక్కు పెడతారు, అని కూడా ఆవిడ చెప్పింది. అప్పుడు మాత్రం అనుకున్నాం, అంది.

తర్వాత వాల్టర్ గారు అడిగిన ప్రశ్న నిజంగా సంపాదకుడు అడగాల్సిన ప్రశ్న. “పెర్ల్ పుస్తకంలో ఎందుకు లేదు?”

అదే ఆయన పెట్టిన షరతు. పెర్ల్ రావాలి, ఆ మాట ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో పాఠకుడికి తెలియాలి, ఏ కాలంలో వాడారో ఎప్పుడు వదిలేశారో కూడా తెలియాలి. హీనా సొంత కథనంలో మాత్రం ఆ మాట విచ్చలవిడిగా వాడకూడదు, అక్కడ ఎవరు ఎక్కడివాళ్లో విడివిడిగా చెప్పాలి. నేను ఒప్పుకున్నాను. ఆ రెండో విషయంలో ఆయనది సరైన మాట, నేను కూడా ముందే పట్టుబట్టి ఉండాల్సినంత సరైనది.

ఆయన తన పెన్సిల్ తీసి, కొట్టేసిన ‘బ్లాక్’ కింద వరసగా చుక్కలు పెట్టారు. కొట్టేసిన మాటను మళ్లీ నిలబెట్టడానికి మా వృత్తిలో అదే గుర్తు. ఎడమ పేజీ మీద ఏ గుర్తూ పెట్టలేదు. అది రచయిత్రి తేల్చుకోవాలన్నారు.

హీనా తేల్చుకుంది. నా క్వెరీలకు జవాబులన్నీ వారంలో వచ్చాయి. పెర్ల్ మీద ఒక పేరా కొత్తగా చేరింది. ఎడమ పేజీలో ‘డార్క్’ పెట్టడానికి అంగీకారం తెలుపుతూ మార్జిన్‌లో ఒకే వాక్యం రాసింది: ‘కాళీ అనిపించుకున్నది నేను, బ్లాక్ అని చెప్పుకున్నది అమ్మ.’

పుస్తకం జూలైలో వచ్చింది. టెన్యూర్ కూడా వచ్చింది. షాంటిలీ సంబంధం కుదరలేదు. ఆ పిల్లే వద్దందని సుగుణ చెప్పింది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

2014లో రిటైరయ్యేలోపు నేను మా సంస్థ శైలి నియమావళిలో చేర్చిన నియమాలు కొన్నే ఉన్నాయి. ఈ వ్యవహారం తర్వాత చేర్చింది వాటిలో ఒకటి. అనువదించిన వాంగ్మూలంలో ఒక మాటను మార్చే ముందు, మాట్లాడిన మనిషి దాన్ని ఏ భాషలో పలికారో, ఏ సంవత్సరంలో పలికారో, దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నారో రచయితను అడగాలి. ఆ మూడింటికీ జవాబు వచ్చేదాకా పెన్సిల్ కింద పెట్టి ఉంచాలి.